నవ్వు ఆగే పేజీ

డాక్టరు ఉద్యోగం వదిలేసిన కొన్నేళ్ళకు ఆడమ్ కేకి బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. డాక్టర్ల జాబితాలోంచి మీ పేరు తీసేస్తున్నామని దాని సారాంశం. ఇక ఈ కాగితాలతో పనేముందని పాత ఫైళ్ళు పారేయబోతుంటే శిక్షణ రోజుల్లో రాసుకున్న డైరీలు బయటపడ్డాయి. అక్కడ శిక్షణలో ఉన్న డాక్టర్లు తమ అనుభవాలను రాసి భద్రపరచుకోవాలి. చాలామందికి అది ఫైలు నింపే తతంగం. అతను మాత్రం చూసినదల్లా రాసిపెట్టుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే జూనియర్ డాక్టర్లకూ ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్‌కూ మధ్య కొత్త ఒప్పందం మీద గొడవ ముదిరి, 2016లో సమ్మెల దాకా వెళ్ళింది. డాక్టర్లకు డబ్బు యావ అని ప్రభుత్వం వైపునుంచి మాటలు వినబడుతుంటే కే ఆ డైరీలు తెరిచాడు. 2017లో పికడార్ సంస్థ వేసిన ‘దిస్ ఈజ్ గోయింగ్ టు హర్ట్’ అలా పుట్టింది.

మనసు అరిగిపోయి ఉద్యోగం మానేసినవాళ్ళ పుస్తకాలు చాలానే వస్తున్నాయి. ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. ఎందుకు మానేశారో మొదటే చెప్పేస్తారు, మిగతా పుస్తకమంతా దానికి సాక్ష్యాలు పోగేస్తారు. కే పద్ధతి వేరు. ఆరేళ్ళు చదివి, ఆరేళ్ళు వార్డుల్లో పనిచేసి, 2010లో మానేశానని మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటాడు. అమ్మానాన్నలు ఇంకా క్షమించలేదని కూడా అంటాడు (పిల్లల్ని మెడిసిన్‌లో చేర్పించిన తెలుగు ఇళ్ళకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర్లేదు). కానీ కారణం మాత్రం చివరిదాకా చెప్పడు. చెప్పకుండా దాచడం ఎవరైనా చేయగలరు. దాచిన సంగతే పాఠకుడికి గుర్తు రానంతగా నవ్వించడంలో ఉంది పనితనం.

పుస్తకానికి అతను ఎంచుకున్న మెట్లు ఉద్యోగపు మెట్లే. మన హౌస్ సర్జన్‌కి దగ్గరగా ఉండే హౌస్ ఆఫీసర్‌తో మొదలై సీనియర్ హౌస్ ఆఫీసర్, రిజిస్ట్రార్, సీనియర్ రిజిస్ట్రార్ దాకా వెళ్తుంది. ఒక్కో మెట్టుకు ముందు చిన్న పరిచయం, తర్వాత తేదీలవారీ డైరీ. 2004 నుంచి 2010 దాకా సాగే ఈ వరస చూడ్డానికి సాదా ఏర్పాటులా ఉంటుంది. నాలుగు మెట్లెక్కాక గానీ దాని పని తెలియదు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పైన అడగడానికి ఒక మనిషి తగ్గుతున్నాడు. మొదట్లో ప్రతి భయానికీ ఫోన్ చేయడానికి ఎవరో ఉండేవారు. సీనియర్ రిజిస్ట్రార్ అయ్యాక రాత్రి డ్యూటీలో కాన్పుల వార్డుకు అతనే పెద్ద, కన్సల్టెంటు ఇంట్లో ఉంటాడు. ఈ ఒంటరితనం గురించి వ్యాసం రాయాల్సిన అవసరం లేకుండా అధ్యాయాల పేర్లే ఆ పని చేసిపెట్టాయి.

హాస్యం సంగతికి వస్తే, అతని వాక్యానికి గురువు కేసు షీటు. వచ్చిన బాధేమిటి, పరీక్షలో ఏం కనబడింది, ఏం చేశాం, అంతే. విశేషణాలకు చోటుండదు. ఒకామె శరీరంలోంచి కిండర్ సర్‌ప్రైజ్ గుడ్డు తీయాల్సి వస్తుంది, దాని లోపల ప్రియుడి కోసం దాచిన నిశ్చితార్థపు ఉంగరం ఉంటుంది. ఇలాంటి ఉదంతం దొరికితే చాలామంది రచయితలు పాఠకుణ్ణి ముందే మోచేత్తో పొడుస్తారు. కే పొడవడు. పొడి గొంతుతో, క్రమం తప్పకుండా, మందుల చీటీ రాస్తున్నట్టు రాసుకుపోతాడు. ఆఖరి మాట మీద బరువు దింపి, వెంటనే పక్క తేదీకి వెళ్ళిపోతాడు. నవ్వు పూర్తయ్యేలోగా ఇంకో పేషెంటు వచ్చేసి ఉంటుంది. వార్డులో జరిగేదీ అదే.

నాకు అంతకన్నా నచ్చినవి ఫుట్‌నోట్లు. వైద్య పదం వచ్చినచోటల్లా పేజీ అడుగున వివరణ ఉంటుంది, అందులోనే ఒక చురకా ఉంటుంది. పైన కథ ఆగదు, కింద పాఠం ఆగదు. మాయ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉంటే ప్రమాదం, రక్తపోటు పెరిగితే గర్భిణికి ఏమవుతుంది... ఇవన్నీ నవ్వుకుంటూనే నేర్చేసుకుంటాం. ఎందుకు నేర్పుతున్నాడో అప్పుడు తట్టదు. చివరి ఘట్టానికి చేరేసరికి ఆ వార్డు భాష మనకు వచ్చేసి ఉంటుంది. అతను ఒక్క పదం అనగానే ఏం జరగబోతోందో మనకూ తెలిసిపోతుంది. ఫుట్‌నోటును ఇంత దూరపు చూపుతో వాడినవాళ్ళను నేనైతే చూడలేదు.

ఈలోగా వెనకాల ఇంకో కథ నడుస్తుంటుంది. వారానికి 97 గంటల డ్యూటీలు, అందుకోలేని పెళ్ళిళ్ళు, ఇంట్లో ఎదురుచూసే భాగస్వామి ‘హెచ్’, డాక్టరు కంటే ఎక్కువ సంపాదించే ఆస్పత్రి పార్కింగ్ మీటరు. వీటిని ఫిర్యాదుగా ఎక్కడా రాయడు, జోకులో భాగంగా పడేసిపోతాడు. అప్పుల బాధతో పేజీలకు పేజీలు నవ్వించిన ముళ్ళపూడి వెంకటరమణను చదివిన మనకు ఈ కిటుకు కొత్త కాదు.

ఆఖరి డైరీ పేజీ 2010 డిసెంబరుది. జూనియర్ డాక్టరు సిజేరియన్ చేస్తోంది, పర్యవేక్షణ అతనిది. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్న సంగతి అంతకుముందు ఎవరి కంటా పడలేదు. బిడ్డ దక్కలేదు. తల్లికి లీటర్ల కొద్దీ రక్తం పోయింది, గర్భసంచి తీసేయాల్సి వచ్చింది, ఇంటెన్సివ్ కేర్‌కు తరలించారు. వాక్యాలు అప్పటిదాకా ఉన్నంత పొట్టిగానే, అంతే పొడిగా ఉంటాయి. శైలి మారలేదు, జోకు ఒక్కటే రాలేదు. ఇన్ని వందల పేజీల్లో ఆ చురక కోసం ఎదురుచూడడం అలవాటైన పాఠకుడు ఇక్కడా ఒక క్షణం ఎదురుచూస్తాడు. నన్నడిగితే పుస్తకం మొత్తం ఆ క్షణం కోసమే కట్టింది.

తప్పు నీది కాదని అందరూ అన్నారట. మర్నాడు మామూలుగా డ్యూటీకి వస్తాడనే అనుకున్నారట. వెళ్ళాడు కూడా. కానీ కడుపులో బిడ్డ గుండె వేగం రవ్వంత తగ్గినా సిజేరియన్ చేసేయడం మొదలెట్టాడు. అదీ తన చేత్తోనే, జూనియర్లకు కత్తి ఇవ్వకుండా. అక్కర్లేని ఆపరేషన్లు జరుగుతున్నాయనీ, తన కింద ఉన్నవాళ్ళకు చేయి తిరిగే అవకాశం పోతోందనీ తెలుసు. తెలిసీ ఆపుకోలేకపోయాడు. ఈ పుస్తకంలో నేను అందరికీ చూపించాలనుకునే భాగం ఇదే. మనసు కాలిపోయిందంటే పని చేయలేకపోవడమని అనుకుంటాం. ఇక్కడ పని ఆగలేదు, చేయి వణకలేదు. పాడైనది తీర్పు. ఆ తేడా పట్టుకోవడానికి మంచి డాక్టరు కావాలి, దాచకుండా రాయడానికి మంచి రచయిత కావాలి. చివరికి రాజీనామా చేశాడు.

లోపాలు లేవని కాదు. చాలా పేజీల్లో ఆడవాళ్ళు మనుషులుగా కాక అవయవాలుగా, జోకుకు ముడిసరుకుగా కనబడతారు. కేసు షీటు శైలి ఇచ్చిన పదునుతోపాటు అది తెచ్చిన నష్టం కూడా ఇదే. చివర్లో ఆరోగ్య మంత్రికి రాసిన బహిరంగ లేఖ న్యాయమైనదే గానీ, ఆ డిసెంబరు పేజీ తర్వాత ఏ లేఖా నిలబడదు.

మొదటి విమర్శ అతనిదాకా వెళ్ళిందో లేదో గానీ, 2022లో బీబీసీకి తనే రాసిన ఏడు భాగాల సీరియల్లో బెన్ విషా నటించిన ఆడమ్ అంత సులభంగా ప్రేమించగల మనిషి కాదు. కెమెరా వైపు తిరిగి మనతో జోకులేస్తుంటాడు, పక్కనున్న జూనియర్ను మాత్రం పట్టించుకోడు. పుస్తకంలో లేని ఆ జూనియర్, అంబికా మోద్ పోషించిన శ్రుతి ఆచార్య, సీరియల్ ముగియకముందే ఆత్మహత్య చేసుకుంటుంది. బ్రిటన్ ఆస్పత్రుల్లో తెలుగు డాక్టర్లకు కొదవలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఈ పాత్ర గురించి మాట్లాడుకోవడం అవసరం. సీరియల్ రచనకు కేకి బాఫ్టా అవార్డు వచ్చింది. సీరియల్ వచ్చిన ఏడాదే వెలువడిన ‘అన్‌డాక్టర్డ్’ పుస్తకంలో, మొదటి పుస్తకంలో దాటేసిన సొంత గాయాలు కొన్ని చెప్పుకున్నాడు.

ఈ మధ్యలో పిల్లల కోసమూ రాశాడు. 2020లో హెన్రీ పేకర్ బొమ్మలతో వచ్చిన ‘కేస్ అనాటమీ’ మనిషి శరీరం మీద పుస్తకం. చీమిడి దగ్గర్నుంచి గుండె దాకా అన్నీ వివరిస్తాడు, వివరించిన ప్రతిచోటా ఒక చురక అంటిస్తాడు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయిన ఆ ఫుట్‌నోట్ల డాక్టరుకు ఈసారి పేజీ మొత్తం దొరికింది.