ఆయిల్ చూసి జబ్బు చెప్పే చేతులు

పాత కారు ఇంజన్‌లో తిరిగే ఇనుముకూ తిరగని ఇనుముకూ మధ్య ఉండేది వెంట్రుక కన్నా పలచటి ఆయిల్ పొర. ఆ పొర నిలిచినంతకాలం బండి వందేళ్లయినా తిరుగుతుంది. కాసేపు తెగిందా, బేరింగు కరిగి క్రాంకుకు అతుక్కుంటుంది. ఆ తర్వాత పైన ఎంత మెరుగు పెట్టినా అది బొమ్మ కారే.

హైదరాబాద్‌లో శాలిబండ గడియారం దగ్గర్నుంచి ఖిల్వత్ వైపు నడిస్తే చౌమహల్లా ప్యాలెస్ వస్తుంది. పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది అక్కడే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. 1911లో ఆయన కాలం చేశాక వచ్చింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దర్బారు వేడుకలకు వాడారు. బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. మొత్తం కలిపి నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. జనం ఆ సింహాసనాన్ని చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. చూడవలసింది బానెట్ కింద ఉంది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల పైచిలుకు ఇంజన్. క్రాంకు లోపల బోలుగా తొలిచి, పంపుతో ఒత్తిడి పెట్టి ప్రతి బేరింగుకూ ఆయిల్ పంపే ఏర్పాటు. అదే కాలపు ఫోర్డ్ మోడల్ టీలో పిస్టన్లను క్రాంకుకు కలిపే రాడ్లు ఆయిల్లో మునిగి పైకి చిమ్మడమే పద్ధతి. రాడ్డు అడుగున గరిటె లాంటి ముక్క బిగించి, దానితో ఆయిల్ తోడి పోసే బండ్లు 1950ల దాకా వచ్చాయి. ఘోస్ట్ ఇంజన్ గీసిన హెన్రీ రాయిస్ ఆ చిమ్ముడు మీద నమ్మకం పెట్టుకోలేదు. 1907లో ఒక సిల్వర్ ఘోస్ట్‌ను 14,371 మైళ్లు ఎక్కడా చెడి ఆగకుండా నడిపి, తర్వాత విప్పి కొలిస్తే, మళ్లీ కొత్తదానిలా చేయడానికి రెండు పౌండ్ల చిల్లర ఖర్చయింది. కందెన సంగతి తెలిసినవాడి పనితనం అంటే అదీ.

ఇక బేరింగులు. పాత ఇంజన్లలో ఇప్పటిలా పెట్టెలో దొరికే షెల్ ఉండదు. తగరంలో కొద్దిగా ఆంటిమొనీ, రాగి కలిపిన మెత్తటి లోహాన్ని కరిగించి రాడ్డులోనే పోస్తారు. అమెరికావాడు ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు తీసుకున్నాడు కాబట్టి బాబిట్ అంటారు, షెడ్లలో మాత్రం వైట్ మెటల్. పోయడం సగం పనే. అసలు విద్య గీకడంలో ఉంది. ముక్కోణపు ఆకురాయిని అరగదీసి ఉస్తాదు తన స్క్రేపర్ తానే చేసుకుంటాడు. క్రాంకు మీద నీలిరంగు పలచగా పూసి, రాడ్డు బిగించి, ఒక చుట్టు తిప్పి విప్పుతాడు. ఎక్కడ నీలం అంటిందో అక్కడ ఎత్తు ఉందన్నమాట. ఆ చోట మాత్రమే, గోటితో తీసినంత, ఒక గీకు. మళ్లీ రంగు, మళ్లీ బిగింపు. ఆరు రాడ్లకు రెండు మూడు రోజులు పడుతుంది. చివరికి బేరింగు అంతా నీలి చుక్కలు సమంగా పడతాయి, ఖాళీ ఒకటిన్నర, రెండు థౌ దగ్గర నిలుస్తుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మైక్రోమీటర్ తర్వాత పెడతారు, ముందు వేలితోనే చెప్పేస్తారు. ఆ ఖాళీ ఎక్కువైతే ఆయిల్ పక్కల నుంచి కారిపోయి ఒత్తిడి చూపే గేజి పడిపోతుంది, తక్కువైతే పొర నిలవదు. వైట్ మెటల్‌లోని మెత్తదనమే దాని గొప్పతనం. చిన్న మట్టి రేణువు వస్తే తన ఒంట్లోకి దిగమింగుతుంది, క్రాంకును గీయనివ్వదు. దాన్ని చెక్కేసి ఏదో బండి షెల్ బేరింగులు ఇరికించి ‘మోడ్రన్ చేశాం’ అని చెప్పుకునే వాళ్లు ఎక్కువయ్యారు. బోరు సరిగ్గా లైనులో లేకపోతే కొత్త షెల్ వెయ్యి కిలోమీటర్లకే మోగుతుంది. అయినా వాళ్లకే గిరాకీ.

మంచి మేస్త్రీ ఇంజన్ విప్పకముందే ఆయిల్ చూసి జబ్బు చెబుతాడు. డిప్‌స్టిక్ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు, వాసన చూస్తాడు, వెలుతురుకు పట్టి తిప్పుతాడు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరిగితే హెడ్డు గాస్కెట్ నుంచి నీళ్లు దిగుతున్నాయి. వెండి పొడిలా మెరిస్తే వైట్ మెటల్ పోతోంది. మట్టం తగ్గకుండా పెరుగుతూ పెట్రోలు వాసన కొడితే పెట్రోలు అందించే పంపులోని డయాఫ్రమ్ చిరిగింది, పెట్రోలు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి కారుతోంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఈ జబ్బు పెరిగింది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఆ పెట్రోలు ఆయిల్‌ను పలచన చేసి బేరింగుల్ని చంపుతుంది. మట్టం పెరిగింది కదా అని మురిసిపోయే యజమానులూ ఉన్నారు.

పొగ సంగతీ అంతే. పొద్దున స్టార్టు చేయగానే ఒక్కసారి నీలి పొగ ఊది ఊరుకుంటే వాల్వు గైడ్లు వదులు. ఎక్కుడులో పెడల్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు పోయినట్టు, ఇంజన్ బోరుకు వచ్చినట్టు. ‘బండి ఆయిల్ తాగుతున్నది’ అనగానే బోరింగు చేయించేసేవాళ్లు గైడ్ల వంక చూడనే చూడరు. కొద్దిపాటి పనికి వేలకు వేలు పోస్తారు.

కారడం గురించి ఒక మాట. అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ ఇంజన్‌కు క్రాంకు వెనకాల సీలే ఉండదు. క్రాంకు మీద మరలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆయిల్‌ను లోపలికి వెనక్కి తోస్తుంది. ఆగి ఉన్నప్పుడు చుక్క పడటం దాని స్వభావం. రాత్రికి నాలుగు చుక్కలు పడితే ఆరోగ్యంగా ఉన్నట్టే. ఈ ముక్క తెలియక గాస్కెట్ ప్రతి అంచుకూ ట్యూబులు ట్యూబులుగా సిలికాన్ గమ్ము పూస్తున్నారు. బయటికి ఉబికినంత గమ్మూ లోపలికీ ఉబుకుతుంది. ఊడిన ముక్కలు చాంబర్‌లోని జాలీకి అడ్డం పడి పంపు గొంతు నొక్కుతాయి. కార్కు గాస్కెట్‌ను నానబెట్టి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించే ఓపిక లేక చేసే పాపం ఇది.

ఏ ఆయిల్ పోయాలన్నది రోజూ వచ్చే తగాదా. ఒకప్పుడు ఎడ్లబండి ఇరుసుకు పెట్టిన ఆముదమే తొలినాటి ఇంజన్లు కొన్నింటికీ కందెన. క్యాస్ట్రాల్ పేరు కూడా క్యాస్టర్ నుంచే పుట్టింది. పాలమూరు ఎర్రనేలల్లో పండే పంటకు అంత చరిత్ర ఉంది. ఆముదం వేడికి బాగా నిలుస్తుంది గానీ బంక కడుతుంది, మామూలు ఆయిల్‌తో కలవదు, అందుకే పోయింది. ఇప్పుడు మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఈ ఊళ్లో పాత ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 సరిపోతుంది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బండ్లకు ఒంటి గ్రేడు 40 ఇంకా మేలు. కొత్త కార్లకు పోసే 5డబ్ల్యూ-30 ఎంత ఖరీదైనదైనా ఇక్కడ నీళ్లే. వేడెక్కగానే గేజి ముల్లు కిందికి వాలుతుంది. పైగా క్యామూ ట్యాపెట్టూ రాసుకునే చోట కాపాడేది జింకు, భాస్వరం కలిసిన మందు. కాటలిటిక్ కన్వర్టర్లు పాడవుతాయని 2004లో వచ్చిన ఎస్‌ఎం గ్రేడు నుంచి పలచటి ఆయిళ్లలో భాస్వరాన్ని పది లక్షల పాళ్లలో 800కు కట్టడి చేశారు. యాభైల నాటి, ఆ తర్వాతి గట్టి స్ప్రింగుల ఇంజన్లకు అది చాలదు. మరో చిక్కు డిటర్జెంట్. ఫిల్టరే లేక జాలీతో నెట్టుకొచ్చిన ఇంజన్ అడుగున ఏళ్ల తరబడి మడ్డి పేరుకుని ఉంటుంది. అందులో కొత్త డిటర్జెంట్ ఆయిల్ పోస్తే మడ్డి అంతా కదిలి సన్నటి దారులు మూసేస్తుంది. ముందు చాంబర్ దించి, కిరోసిన్‌తో కడిగి, ఆ తర్వాతే పోయాలి.

ఇవన్నీ తెలిసినా నకిలీ డబ్బా ముందు ఏ విద్యా పనిచేయదు. వాడి పారబోసిన ఆయిల్‌ను కొని, నల్లదనం తీసి, రంగు కలిపి, పేరున్న కంపెనీ డబ్బాల్లో నింపి అమ్మడం పెద్ద వ్యాపారమైంది. అందులో మందులు చచ్చిపోయి ఉంటాయి, ఆమ్లం మిగిలి ఉంటుంది. లీటరుకు వంద రూపాయలు తక్కువని కొన్నవాడు మూడు రోజులు గీకిన బేరింగును మూడు నెలల్లో పోగొట్టుకుంటాడు. చివరికి మాట పడేది ఉస్తాదే. పెళ్లి బారాత్‌కు అద్దెకిచ్చే పాత కార్ల తీరు చూస్తే ఇంకా మండుతుంది. పూలదండలకు వేలు పోస్తారు, అడుగు వేగాన గంటలకొద్దీ నడిపి ఇంజన్ ఉడికిస్తారు, ఆయిల్ మార్చమంటే ‘ఇంకా ఉంది కదా’ అంటారు. గీకడం చేతనైన ముసలి చేతుల దగ్గర ఒక్క షాగిర్దు నిలబడటం లేదు. ప్రభుత్వాలు నైపుణ్య శిక్షణ అని ఎన్నో నడుపుతున్నాయి, వాటిలో ఒక వైట్ మెటల్ పొయ్యి, నాలుగు స్క్రేపర్లు పెట్టించడం వాళ్లకు బరువు కాదు.

తిరగని బండికి ఆయిల్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. కిలోమీటర్లు లెక్కకు రాకపోయినా ఏడాదికొకసారి మార్చాల్సిందే, ఎందుకంటే కాలిన పెట్రోలు తేమా ఆమ్లమూ అందులో చేరి బేరింగులను తింటాయి. అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేయడం చెయ్యకపోవడం కన్నా చెడ్డది, తేమ ఎగరదు సరికదా ఇంకా చేరుతుంది. తిప్పితే అరగంట రోడ్డు మీద తిప్పాలి. నెలల తరబడి ఆగిన ఇంజన్‌ను సెల్ఫ్ నొక్కి లేపకూడదు. ప్లగ్గులు తీసి, సిలిండర్‌కో చెంచాడు ఆయిల్ వేసి, గేజి ముల్లు లేచేదాకా హ్యాండిల్‌తో తిప్పాలి. గేరుబాక్సులో ఇత్తడి, కంచు ముక్కలుంటాయి గనక జీఎల్-5 ఆయిల్ పోయకుండా జీఎల్-4కే కట్టుబడాలి, జీఎల్-5లోని గంధకం ఆ లోహాన్ని కొరుకుతుంది. పాత ఆయిల్‌ను వేడిగా ఉన్నప్పుడే దించితే మడ్డి కూడా వెంట వస్తుంది. దించినదాన్ని మోరీలో పారబోయకుండా, ఎవరికి పడితే వారికి అమ్మకుండా, లైసెన్సున్న రీసైక్లింగు వాళ్లకే ఇవ్వాలి. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాను మాత్రం జాగ్రత్తపడే మేస్త్రీలు అలాగే చెత్తలో వెయ్యరు. మూత విరిచి, స్క్రూడ్రైవర్‌తో అడుగున రెండు పోట్లు పొడిచి, ఆ తర్వాత విసిరేస్తారు.