కలుపులో కూర

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల జొన్న, కంది కలిపి వేసిన చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు పీకిన మొక్కలను రెండుగా వేరు చేస్తారు. పనికిరానివి గట్టు మీదికి పోతాయి, మిగతావి ఒడిలోకి చేరతాయి. ఆ ఒడిలో దొగ్గలి, గునుగు, చెంచలి, తుమ్మి, పొన్నగంటి, గంగవాయిలి ఉంటాయి. విత్తింది లేదు, నీరు పెట్టింది లేదు, అయినా పూటకు కూర దొరికింది. తొలకరి తర్వాత సంతలో కూరగాయల ధర మండిపోయే రోజుల్లోనే ఇవి లేతగా ఉంటాయి.

గంగవాయిలి సంగతే చూడండి. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు కోసం మనం చేపలూ అవిసెలూ వెతుక్కుంటాం. ఆకుకూరల్లో అది బాగా ఉన్నది ఈ నేలకు పాకే కూరలోనే. నీటి ఎద్దడిలో ఈ మొక్క ఎండకు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రిపూట గాలి పీల్చి, దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పగలంతా దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారి కోస్తే పులుపు ఎక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ. పప్పులో చింతపండు తగ్గించాలా వద్దా అన్నది కోసిన వేళను బట్టి ఉంటుంది.

అయితే ఆకులో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం కొంతే తీసుకుంటుంది. పైన నిమ్మరసం పిండితే అందులోని సి విటమిన్ ఆ పనికి సాయపడుతుంది. పొన్నగంటిలోని కెరోటిన్‌కు నూనె కావాలి, కాబట్టి వేపుడుకు పోసే ఆ చెంచాడు నూనె దండగ కాదు. గంగవాయిలి లాంటి కూరల్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఉడికించి నీళ్లు వార్చేస్తే అవి తగ్గుతాయి, దాంతోపాటు సి విటమిన్ కూడా కొంత పోతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు డాక్టర్ని అడిగి తినడం మంచిది.

అన్నిటికన్నా మొండిది నల్లేరు. దాని కణుపుల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, తాకితే దురద. తెలిసినవాళ్లు ముందు చేతులకు నూనె రాసుకుంటారు. చివరి లేత కణుపులే తుంచి, అంచుల నార తీసి, నూనెలో బాగా మగ్గనిచ్చి, ఎండుమిర్చి, చింతపండుతో పచ్చడి నూరుతారు. చింతపండు తగ్గిందా, గొంతు గరగరలాడుతుంది. నల్లేరునే పొడిచేసి సీసాకెక్కించి ఎముకల బలానికని అమ్ముతున్నారు. నా మటుకు రోలు దగ్గరి పచ్చడికే ఓటు.

ఈ కూరలకు విలువ కట్టినవాళ్లు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత మహిళలవి, పాత పంటలతో పాటు వీటినీ కాపాడుకుంటూ వచ్చాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది. కానీ పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడం పెరిగాక అక్కడ ఒడిలోకి వచ్చేదేమీ మిగలలేదు. కూలి ఖర్చు తగ్గిందని రైతు లెక్క వేసుకుంటాడు. ఇంటికి రాని కూర ఆ లెక్కలో ఎక్కదు.

మీరూ వండాలనుకుంటే, మందు కొట్టిన చేనులోవీ మురుగుకాలువ పక్కవీ కోయకండి. మొక్కను ఫొటోలో చూసి పోల్చుకోవడం చాలదు; ఊళ్లో కలుపు తీసే పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, ఆమె తినొచ్చన్నదే తెంపండి.