త్రాడు పట్టినవాడు

గత మాసమున పట్టణమునందు చదువుచున్న నలుగురు యువకులు మా లింగాలకు వచ్చి, మా యింటి వసారాలో కూర్చుండి, తాము వన్యప్రాణులను, పర్యావరణమును సంరక్షించుటకై ఒక సంస్థను నెలకొల్పదలచితిమనియు, దానికి పేరు నిశ్చయమైనదనియు, ముద్రయును సిద్ధమైనదనియు, ఇక కార్యాలయమునకొక గదియు, అడవిలో కట్టుటకు కొన్ని కెమెరాలును సమకూడినచో పని ఆరంభింపవచ్చుననియు చెప్పి, "మీరేమంటారు సార్?" అని నన్నడిగిరి. ఆనాడు నేను వారితో చెప్పినది స్వల్పము. వారు వెడలిన పిదప మనస్సున మెదలినది అధికము. దానిని ఈ వారము పాఠకుల యెదుట ఉంచుచున్నాను.

మా మండలము సగము చేను, సగము అడవి. ఊరిచుట్టు ప్రత్తియు వేరుసెనగయు పండు చేలు. అప్పాయిపల్లి దాటి నడచినచో నల్లమల. ఏటేట చైత్ర పూర్ణిమకు సలేశ్వరము లింగమయ్యను దర్శించుటకై వేలాది జనులు ఈ దారినే కాలినడకన పోయి, లోతైన లోయలోనికి దిగి, జలపాతము క్రింద తడిసి, మరల కొండనెక్కి వత్తురు. ఆ నాలుగైదు దినములు గడచిన వెనుక అడవిలో మిగులువారు అప్పాపూరు, భౌరాపూరు, రాంపూరు, మేడిమల్కల వంటి, పెంటలనబడు చిన్న గూడెములలో నివసించు చెంచులు మాత్రమే. ఆ లోయలోని లింగమయ్యకు పూజారులును వారే. సంస్థ యనగానేమో నేను నేర్చినది ఏ గ్రంథమునుండియు కాదు. ఆ పెంటలలో ఒక వృద్ధుని యొద్ద, తేనె తీయు వేళ.

కొండచరియకు వ్రేలాడు పెద్ద తేనెపట్టును కోయుటకై చెంచు యువకుడు త్రాడు పట్టుకొని అగాధముపైకి దిగుచుండగా, పైన త్రాడు పట్టి నిలిచినవాడెవరని నేనడిగితిని. ఆ పెద్దాయన నావైపు తిరిగి, "తాడు ఎవరికి వడితే వాళ్లకియ్యం సారూ. బామ్మర్దే పట్టాలె. తాడు జారిందంటె ఆని అక్క బతుకే ఆగమైతది గద" అనెను. క్రిందివాడు పట్టులో కొంత భాగమును కోయక విడిచి పైకి వచ్చినప్పుడు, అంతయు ఏల కోయలేదని మరల నడిగితిని. "అంత కోస్తె మల్లేడు ఈగ యాడికొస్తది?" అని ఆయన నన్నే ప్రశ్నించెను.

ఆ రెండు మాటలను నేనెన్ని ఏండ్లుగా నెమరువేయుచున్నానో చెప్పలేను. త్రాడు జారినచో తన యిల్లే కూలునన్న ఎఱుక గలవాని చేతికే త్రాడునిచ్చుట మొదటి నియమము. కోతకు హద్దును, వచ్చు ఏటికి మిగులును నిర్ణయించుట రెండవది. సంరక్షణ సంస్థకు ఎన్ని పుటల నిబంధనావళి వ్రాసికొన్నను, ఈ రెండింటికి మించిన సూత్రము నాకింతవరకు కానరాలేదు. త్రాడు ఎవరి చేతిలో నున్నదన్నదే ప్రశ్న.

ఈ అడవికి బయటినుండి వచ్చు మనుష్యులును, సంస్థలును కొత్త కాదు. నిజాము ప్రభువుల కాలమున ఫర్హాబాదు వేటకు నెలవైన విహారస్థలము. 1931–32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలింపబూని అమ్రాబాదు కొండలకు వచ్చెను. వియన్నా నగరమున పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940లో చెంచుల నడుమ మసలి, వారి జీవితమును గూర్చి 1943లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యమేర్పడెను. 1983లో అది పులుల సంరక్షణ ప్రణాళికలో చేరెను. రాష్ట్రము రెండైన పిదప, 2015లో, మన వైపు భాగము 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో అమ్రాబాదు పులుల అభయారణ్యముగా వేరుపడెను. వేటకు వచ్చినవానికి దారి చూపినది చెంచు. పక్షులను, మనుష్యులను వెదకుచు వచ్చినవారికి ఆనవాళ్లు తెలిపినది చెంచు. నేడు బేస్‌క్యాంపులలో కాపుండి పులి యడుగును పోల్చునది చెంచు. దారి చూపుటకు పనికివచ్చిన మనుష్యుడు దారి నిర్ణయించు సభలో కూర్చుండుటకు పనికిరాడని ఎవరును నోటితో అనలేదు. కాని కుర్చీలు వేసినప్పుడెల్ల ఆయనకొక్కటి తక్కువగనే పడుచు వచ్చినది.

ఇది న్యాయమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు, శాస్త్రమునకును సంబంధించినదే. కడప సీమలోని కలివికోడి కథ దీనికి తార్కాణము. జెర్డన్ కనుగొనగా 1848లో బ్లైత్ తొలుత వర్ణించిన ఆ పక్షి, 1900 తరువాత ఏ శాస్త్రజ్ఞుని కంటను పడక, లోకమునుండి అంతరించినదనియే తలపబడెను. 1883లో స్థాపితమైన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవారు లంకమల ప్రాంతపు పల్లెలలో పక్షి బొమ్మను చూపి అడుగుచు తిరుగగా, 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న యను స్థానికుడు దానిని పట్టి తెచ్చెను. ఎనుబది యారేండ్లుగా లేదన్నది ఐతన్న తిరుగు పొదలలోనే ఉన్నది. పిదప శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసెను. దానికొరకు తెలుగుగంగ కాలువ త్రోవయును మారెను. నూఱేండ్లు దాటిన సంస్థకు ఓర్పును, పద్ధతియు, దస్త్రములును ఉండెను. ఐతన్నకు రాత్రియు, పొదయు, పక్షి నడకయు తెలిసియుండెను. ఈ రెండును కలిసిన చోట పని జరిగినది. ఒకటి లేక రెండవది ఉన్నంత కాలము జరుగలేదు.

ఇక మా యనుభవము. మేము కొందఱము కూడి ఒక చిన్న సంఘమును ఆరంభించిన తొలి వర్షాకాలమున, దాతలిచ్చిన సొమ్ముతో దారి కిరుప్రక్కల మొక్కలు నాటించితిమి, పేర్లతో పలకలు నిలిపితిమి, ఛాయాచిత్రములు దిగితిమి. నీరు పోయువాడెవడు, ఏ దినమున పోయును, వానికి కూలి ఎచ్చటినుండి వచ్చునన్నది మాత్రము వ్రాసికొనలేదు. ఫాల్గుణము వచ్చునప్పటికి మొక్కలెండెను, పలకలు నిలిచెను. ఆ తప్పు అచ్చముగా మాదే. ఆనాటినుండి ఏ పనికైనను డబ్బు అడుగుటకు ముందు, "దీనికి వైశాఖమాసమున కాపెవరు?" అను ప్రశ్న వేసికొనుటను అలవరచుకొంటిమి.

అడవి విషయమున ఈ ప్రశ్నకు మిక్కిలి ప్రాధాన్యము కలదు. దాతకు దయ కలుగునది వర్షర్తువున, మొక్క చేతికి వచ్చినప్పుడు. అడవికి మనుష్యుడు కావలసినది మాఘమునుండి జ్యేష్ఠమువరకు, గడ్డి యెండి, ఆకు రాలి, ఒక్క బీడి ముక్కకు కొండంతయు అంటుకొను వేళ. ఫైర్‌లైన్లని పిలువబడు ఆ బాటలలో గడ్డిని చెక్కి, ఆకులూడ్చి, రాత్రింబవళ్లు పొగకై చూచుచు, మంట కనపడగానే పచ్చి కొమ్మతో పరుగెత్తు మనుష్యునికి పేరు పలకపై ఉండదు. అతని కూలి నెల మొదటి దినమున చేతికందుటయే, నా దృష్టిలో, సంరక్షణ సంస్థ చేయదగిన మొదటి మహాకార్యము. కూలి యాలస్యమైనప్పుడు అతడు చేనులోని పత్తి ఏరుటకో, పట్టణములోని గోడ కట్టుటకో వలసపోవును. పాలమూరు బిడ్డకు ఆ దారి చిన్ననాటినుండి తెలిసినదే. అతనితోపాటు ఇరువది యేండ్ల అటవీజ్ఞానమును బస్సెక్కిపోవును.

రెండవది లెక్క. పులి అడుగుజాడలనుబట్టి పులులను లెక్కించు కాలమున, రాజస్థానములోని సరిస్కాలో కాగితముపై పులులు నిలిచియుండగా అడవిలో ఒక్కటియు మిగులలేదని 2005లో దేశమునకు తెలియవచ్చెను. ఆ అవమానము పిమ్మటనే పద్ధతులు మారినవి. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్కటిగా నుండవు గనుక, కెమెరాలలో చిక్కిన చారలనుబట్టి లెక్కించుట బలపడినది. సరిస్కాలో దొంగ వేటగాండ్లు పులులను చంపిరి; కాని వాని మరణమును దాచినది, పై యధికారికి సంతోషము కలుగునట్లు అంకె వ్రాయు అలవాటు. మా సంఘపు పుస్తకమున, ఏమియు కనపడని దినమును "ఏమియు కనపడలేదు" అని వ్రాయుట మేము నిర్బంధముగా పాటించుచున్నాము. శూన్యమును శూన్యముగా వ్రాయలేని సంస్థ నేడు కాకున్న రేపైనను అబద్ధమునకు లోబడును.

ఇచ్చట ఒక భేదమును యువకులు గ్రహింపవలెను. 2019లో నల్లమలలో యురేనియము అన్వేషణకై ప్రయత్నము జరిగినప్పుడు పెంటలును, పల్లెలును, పట్టణములును ఒక్క కంఠమై లేచినవి. ఆ యేటి సెప్టెంబరు 16న రాష్ట్ర శాసనసభ తవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానము చేసినది. అది మహత్తరమైన వరద. కాని వరద వచ్చినంత మాత్రమున యాసంగి పంట పండదని మా మెట్టసీమ రైతు కెఱుకయే. వచ్చిన నీటిని ఆపుటకు చెరువు కావలెను, చెరువునకు కట్ట కావలెను, కట్టకు ఏటేట మట్టి పోయువారు కావలెను. ఉద్యమము వరద, సంస్థ చెరువు. వరదనాటి కోలాహలము చెరువుకట్టపై ఉండదు గాని, ఎండిన నెలలో ఊరు వెదకుచు వచ్చునది కట్ట దగ్గరకే.

ఆ కట్టపై చెంచు నిలుచుటకు తావు లేకున్న అది నిలువదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిపై వారి హక్కును, గ్రామసభ మాటను గుర్తించినది. అభయారణ్యములనుండి స్వచ్ఛందముగా వెలుపలికి వచ్చు కుటుంబమునకు ఇచ్చు పరిహారము పది లక్షలనుండి 2021లో పదునైదు లక్షలైనది. వెళ్లుటయో నిలుచుటయో ఆ కుటుంబమే, ఎవరి ఒత్తిడియు లేక, సర్వమును తెలిసికొని నిర్ణయింపవలెను. స్వచ్ఛందమను మాట కాగితముపై మాత్రమే మిగిలినచోట పులికొరకని చెప్పి సంస్థ మౌనము వహింపరాదు. పులికి చోటును, మనుష్యునికి మర్యాదయు రెండును కావలెననుట కష్టమైన మాటయే; కష్టమైనది గనుకనే దానికొక సంస్థ కావలసివచ్చినది.

ఆ నలుగురు యువకులలో ఒకడు, సంఘమును రిజిస్టరు చేయించుటకు ఎందఱు కావలెనని నన్నడిగెను. పూర్వము తెలంగాణమున 1350 ఫసలీ నాటి చట్టము ఉండెను. తరువాత 2001 నాటి చట్టము వచ్చెను. కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. "మేము నలుగురము ఉన్నాము సార్, మిగిలిన ముగ్గురు మా మిత్రులే" అని వారనిరి. అప్పుడు నాకు కొండచరియయు, త్రాడును, పైన నిలిచిన బామ్మర్దియు కన్నులకు కట్టినట్లాయెను.

నాయనలారా, ముద్రయు, కెమెరాలును పిదప వచ్చును. రిజిస్ట్రారు కార్యాలయమునకు పోకముందు ఒక వేసవి యిక్కడ ఉండుడు. కావలివానితో ఫైర్‌లైను ఊడ్చుడు, జాతర ముగిసిన మరునాడు సలేశ్వరపు దారిలో మిగిలిన ప్లాస్టికు నేరుడు, శివరాత్రికి భౌరాపూరు జాతరలో చెంచు పెద్దల ప్రక్కన కూర్చుండి వారు చెప్పునది వినుడు. వారు మిమ్ము నమ్మినప్పుడు, ఖాళీగా నున్న ఆ మూడు స్థానములకును, మొదటి మాటగా మాటాడు హక్కుతోను, లెక్కల పుస్తకము తెఱచి చూచు హక్కుతోను, పెంటలలోని స్త్రీపురుషులను పిలువుడు. సంతకము రానివారు వ్రేలిముద్ర వేయుదురు. చట్టమున కది చాలును. అడవి పోయినచో మీకు నాకు దుఃఖము కలుగును. వారికి ఇల్లు పోవును. త్రాడు వారి చేతికే ఇండు.