‘తెల్ల’ తొలగిన తర్వాతి ‘దొరతనం’: తెలుగు కవిత్వంలో దేశభక్తి పరిణామం

గరిమెళ్ల సత్యనారాయణ (1893–1952) సహాయ నిరాకరణ కాలంలో రచించిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గీతాన్ని సాహిత్య చరిత్రలు ఉద్యమ గీతాల జాబితాలో చేర్చి, కవి అనుభవించిన ఏడాది జైలుశిక్షను ప్రస్తావించి ముందుకు సాగిపోతాయి. కానీ స్వాతంత్ర్యానంతర దేశభక్తి స్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి ఆ శీర్షికలోని సమాసమే మంచి ఆధారం. ‘దొరతనము’ అనే మాటకు ఆనాటి వ్యవహారంలో ప్రభుత్వమనే అర్థం స్థిరపడింది. దానికి ‘తెల్ల’ అనేది విశేషణం మాత్రమే. గీతంలో కవి ఏకరువు పెట్టిన బాధలు తిండికి, ఉప్పుకు, కోర్టులకు, చదువుకు సంబంధించినవి. అంటే అక్కడ దేశభక్తికి పునాది నిత్యజీవితంలోని కొరత. పాలకుని రంగు ఆ కొరతకు కారణాన్ని చూపే గుర్తుగా పనిచేసింది.

1947లో విశేషణం తొలగింది. విశేష్యం నిలిచింది. ఉద్యమకాలపు ‘మాకు’ అనే బహువచనం కులాలను, వర్గాలను, ప్రాంతాలను ఒక్క గొంతులోకి తెచ్చింది. ఎదుట పరాయి పాలకుడు ఉన్నంతకాలమే ఆ ఏకత్వం సులభం. తెలంగాణలో ఈ సమస్య ఇంకా ముందే ఎదురైంది. అక్కడ ‘దొర’ తెల్లవాడు కాడు. తెలుగు మాట్లాడే దేశ్‌ముఖే దొర. 1946లో మొదలైన సాయుధ పోరాటం 1948 సెప్టెంబరు తర్వాత భారత సైన్యాన్ని ఎదుర్కొంటూ 1951 వరకు కొనసాగింది. కోస్తా ఉద్యమ గీతాలనే ప్రమాణంగా తీసుకొని తెలుగు దేశభక్తి కవిత్వాన్ని వివరించే పద్ధతి ఈ అనుభవాన్ని ఇముడ్చుకోలేదు.

కోస్తాలోనూ అభిమానం ఒకే రూపంలో నిలవలేదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న మద్రాసులో మరణించారు. అదే నగరంలో మూడు రోజుల తర్వాత గరిమెళ్ల పేదరికంలో కన్నుమూశారు. ఆ మర్నాడే ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును నెహ్రూ ప్రకటించారు. ఈ తేదీల సామీప్యం యాదృచ్ఛికమే, దానికి అతిగా అర్థం ఆపాదించనక్కర లేదు. అయితే జాతీయోద్యమ గాయకుడు విస్మృతిలో కన్నుమూసిన వారంలోనే భాషాభిమానం ఢిల్లీని కదిలించగలిగిందన్నది వాస్తవం. ఉద్వేగం తగ్గలేదు, దాని చిరునామా మారింది.

1965లో వెలువడిన దిగంబర కవుల తొలి సంపుటి నాటికి నిరసన స్వదేశీ వ్యవస్థ వైపు పూర్తిగా తిరిగింది. ఈ దృష్టితో చెరబండరాజు ‘వందేమాతరం’ ప్రత్యేకంగా పరిశీలించదగినది. జాతీయోద్యమం పవిత్రం చేసిన నినాదాన్నే శీర్షికగా గ్రహించి, స్తుతి ధోరణిలో మాతృదేశాన్ని సంబోధిస్తూ మొదలై, ఆ తల్లి అంతర్జాతీయ విపణిలో తాకట్టు పడిందన్న అభియోగంగా ఆ కవిత మారుతుంది. దీనిని దేశద్రోహంగా చదవడం పొరపాటు. గరిమెళ్ల జాబితాలోని ఆకలి తీరలేదు కనుకనే ఆ సంబోధన వికటించింది. పరాయివాడిని ‘వద్దు’ అనడం సాధ్యం. తల్లిని అలా అనలేని సంకటమే ఆ కవితలోని ఉద్రిక్తత.

కవిత బలహీనత కూడా అక్కడే ఉంది. దేశాన్ని స్త్రీగా భావించే సంప్రదాయాన్ని కవి విడిచిపెట్టలేదు; పవిత్ర మాత స్థానంలో పతిత మాతను నిలిపాడు. దేశ పతనాన్ని స్త్రీ శరీరం అమ్ముడుపోవడంతో కొలిచే ప్రమాణం వందన గీతాలదే. ధిక్కార కవిత్వం దానిని ప్రశ్నించకుండా స్వీకరించింది. విప్లవ కవిత్వంపై వచ్చిన ప్రశంసాత్మక విమర్శ ఈ అంశంపై మౌనం వహించడం ఆశ్చర్యకరం.

గురజాడ 1910లో రచించిన ‘దేశభక్తి’ గేయం ఈ చిక్కులో పడలేదు. అందులో మాతృమూర్తి కేంద్రం కాదు, తరిమివేయవలసిన శత్రువు కూడా కాదు. భూమి కన్నా మనుషులనే దేశంగా నిర్వచించి, గొప్పలు చెప్పుకోవడాన్ని తోసిపుచ్చి, శ్రమను, ఉత్పత్తిని, పరస్పర సహకారాన్ని ఆ గేయం కోరింది. అందువల్లనే 1947 తర్వాత ఒక్క మాట మార్చనక్కర లేకుండా అది నిలిచింది. ఆ నిలకడకు చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు. పాఠ్యపుస్తకాలలోకి, ప్రార్థనా సమావేశాలలోకి, విగ్రహ పీఠాల మీదికి చేరిన గేయం క్రమంగా అభిమాన ప్రకటనగా స్థిరపడింది. ఒట్టి గొప్పలు మానమని చెప్పిన పంక్తులనే గొప్పలు చెప్పుకునే వేదికలపై ఆలపించడం ఇప్పటికీ సాగుతోంది.