నూనె ముందు, సబ్బు తర్వాత

బొగ్గు బాయిలో పనిచేసే మనిషిని డ్యూటీ దిగాక కూడా గుర్తుపట్టొచ్చు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చినా కనురెప్పల అంచున సన్నటి నల్లగీత మిగిలిపోతుంది. మా బొగ్గుబాయిల ఊరు రామకృష్ణాపూర్‌లో ఆ గీతను ఎవరూ వింతగా చూడరు. పొరుగూళ్ళ పెళ్ళిళ్ళకు పోయినప్పుడే ఏ చిన్నపిల్లో వచ్చి, ‘మీ నాయిన కాటుక పెట్టుకుంటడా?’ అని అడుగుతుంది.

ఆ గీత సబ్బుతో పోదు. బొగ్గుపొడికి నీళ్ళంటే సరిపడదు. నీటి మీద తేలుతుందే తప్ప తొందరగా తడవదు. పైగా రెప్పల అంచునే సన్నటి నూనెగ్రంథులుంటాయి. పొడి ఆ జిడ్డులో ఇరుక్కుంటుంది. సబ్బు మండుతుందని కళ్ళు గట్టిగా మూసుకుంటాం, ఆ ముడతల్లో ఇంకాస్త దాక్కుంటుంది. తువ్వాలుతో రుద్దితే కళ్ళు ఎర్రబడతాయి గానీ గీత కదలదు. మా క్వార్టర్లలో దీనికి తెలిసిన ఉపాయం ఒకటే. వేలికొసకు రెండు చుక్కల కొబ్బరినూనె తీసుకుని, కళ్ళు మూసి, రెప్పల మీద మెల్లగా పాకించి, కాసేపాగి, మెత్తటి పాత ధోవతి గుడ్డతో తుడవడం. సబ్బు సంగతి ఆ తర్వాత.

సాయంత్రం ముఖానికున్న మేకప్ ఎలా తీయాలని అడిగే అమ్మాయిలకు నేను చెప్పేది కూడా ఈ బాయి పద్ధతే. వాటర్‌ప్రూఫ్ మస్కారా, రోజంతా చెదరని లిప్‌స్టిక్, ఫౌండేషన్, సన్‌స్క్రీన్ వీటన్నిటిలో ఉండేవి మైనాలు, నూనెలు, సిలికాన్లు. నీటికి లొంగకూడదనే వాటిని అలా చేశారు. మరి నీళ్ళతో పొమ్మంటే ఎందుకు పోతాయి? జపాన్ మేకప్ కళాకారుడు షు ఉఎమురా 1967లో మేకప్ తీసే నూనెను అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు ‘డబుల్ క్లెన్సింగ్’ పేరుతో చిన్న డబ్బాకు వెయ్యి రూపాయలు పెట్టి కొంటున్నదాని వెనకున్న సూత్రం అదే. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, గేలెన్ అనే వైద్యుడు తేనెమైనం, ఆలివ్ నూనె, రోజా నీళ్ళు కలిపి చేసిన లేపనమే తర్వాత కోల్డ్ క్రీమ్ అయింది. మన పండగ తలంటులో వరస చూడండి, ముందు నూనె, ఆ మీదట సున్నిపిండి. ఒంటికి వంద సార్లు చేసిన పనిని ముఖం దగ్గరికొచ్చేసరికి మరచిపోతున్నాం.

చిందు యక్షగానం వాళ్ళకు మాత్రం ఈ మరుపు లేదు. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారి కళ అది. వేషానికి వాడే పసుపుపచ్చటి అర్దళం గంధకమూ ఆర్సెనిక్కూ కలిసిన ఖనిజం, ఒంటి మీద ఉంచుకుని పడుకోదగ్గది కాదు. రంగును కొబ్బరినూనెతోనే కలుపుతారు, కొబ్బరినూనెతోనే దింపుతారు. దేనితో కలిపామో దానితోనే కరుగుతుందని వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

సినిమా వాళ్ళది ఇంకో తమాషా. 2023లో వచ్చిన ‘దసరా’లో సింగరేణి పల్లె కోసం నానికి ఒళ్ళంతా మసి పూశారు. మా వాళ్ళు రోజూ గంట కష్టపడి వదిలించుకునే దాన్ని అక్కడ గంట కష్టపడి పూసి ఉంటారనుకుని నవ్వుకున్నాం.

మసి కడుక్కునే విషయంలో నాకు బాగా నచ్చే కాగితం ఒకటుంది: 1959 నాటి బొగ్గుగనుల పిట్‌హెడ్ బాత్ నియమాలు. గని పైన స్నానానికి జల్లులు, బట్టలు మార్చుకునే చోటు యాజమాన్యమే ఏర్పాటు చెయ్యాలని చెప్పిన నియమాలవి. అంటే పని మసిని కడుక్కోవడం కూడా పనిలో భాగమేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అన్ని బాయిల దగ్గరా ఆ జల్లుల్లో నీళ్ళు సక్రమంగా వచ్చాయా అన్నది వేరే ముచ్చట. షాపు కౌంటర్లలో, రిసెప్షన్లలో మేకప్‌తో నిలబడమనే యాజమాన్యాలు చివర్లో దాన్ని తీసుకోవడానికి ఒక పది నిమిషాలు ఇచ్చినట్టు నేనైతే వినలేదు.

అందుకే ఆ పని ఇంటికొచ్చి, వంట చేసి, గిన్నెలు సర్ది, నిద్ర ముంచుకొచ్చే వేళకు వాయిదా పడుతుంది. నా సలహా ఒకటే, ఇంట్లో అడుగు పెట్టగానే తీసేయండి. పొయ్యి వెలిగించకముందే. కాంటాక్ట్ లెన్సులుంటే మొదట అవి. తర్వాత పొడి ముఖానికే నూనె రాయాలి, తడి ముఖానికి రాస్తే జారిపోతుంది. మొటిమలు తేలే చర్మమైతే కొబ్బరినూనె వద్దు, బేబీ ఆయిల్ మేలు. నూనె అద్దిన దూదిని కంటి మీద ఆనించి పదిహేను ఇరవై అంకెలు లెక్కపెట్టి కిందికి లాగండి. అటూ ఇటూ రుద్దొద్దు. ముక్కు పక్కలు, చెవుల ముందు, జుట్టు మొదలు, మెడ దగ్గరే ఎక్కువ మిగులుతుంది. ఆ తర్వాత తేలికపాటి ఫేస్‌వాష్. క్షారగుణమున్న ఒంటిసబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, ముఖచర్మానిది ఐదు దరిదాపుల్లో. రోజూ ఆ తేడాను చర్మం భరించాలి. మైసెల్లార్ వాటర్ వాడేవాళ్ళు కడగనక్కర్లేదన్న మాట నమ్మకండి. అందులోనిదీ సబ్బులాంటి పదార్థమే, కడగాల్సిందే.

బొట్టుబిళ్ళ కూడా మేకప్పే. కొన్ని బిళ్ళల జిగురులో ఉండే రసాయనం వల్ల నుదుట చర్మం రంగు కోల్పోయి తెల్లమచ్చ పడుతుందని చర్మవైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. రాత్రి తీసి అద్దానికి అంటిస్తాం గానీ, నుదుట మిగిలిన జిగురును నూనెతో తుడవం.

బద్ధకం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక సంగతి. 2018లో సిడ్నీ వైద్యులు ఒకావిడ పై రెప్పల లోపల నల్లటి గట్టి కణికలు చూశారు. పాతికేళ్ళుగా మస్కారా వేసుకుంటూ, సరిగా తీయకుండా వదిలేసిన ఫలితం. శస్త్రచికిత్స చేసి తీయాల్సి వచ్చింది. బొగ్గుగీత సంగతి తెలిసిన నాకు అది పెద్ద ఆశ్చర్యమేమీ కాలేదు.

పెళ్ళికూతుళ్ళ విషయమే నన్ను కలవరపెడుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి పొరల మీద పొరలు, అతికించిన రెప్పవెంట్రుకలు, స్ప్రేలు. అప్పగింతలయ్యేసరికి అర్ధరాత్రి. కొత్త ఇల్లు, కొత్త బాత్‌రూం, అడగడానికి మొహమాటం. అలాగే పడుకుంటారు. మా బజారులో బ్యూటీపార్లర్ నడిపే చెల్లెను, తీసే పని కూడా నీ ప్యాకేజీలో ఎందుకు లేదని అడిగాను.

‘రాత్రి పన్నెండింటికి పెండ్లికూతురు ముఖం కడిగేటందుకు నన్నెవలు పిలుస్తరక్కా?’ అంది.

సరే, నువ్వు పోనక్కర్లేదు, నూనె సీసా ఒకటి, దూది ఇచ్చి, అతికించిన రెప్పవెంట్రుకలు ఎలా తీయాలో తోడుపెళ్ళికూతురికి నాలుగు మాటలు చెప్పి పంపించమన్నాను. బేరం ఆడింది. సీసాకు యాభై రూపాయలు ఎక్కువ పడుతుందట. ఇవ్వొచ్చు, మేకప్‌కు పదిహేను వేలు ఇచ్చేవాళ్ళే కదా.