పిక్కను వదిలించే చెయ్యి

డయాలసిస్ మూడో గంట దాటాక కాలి పిక్క పట్టేయడం తరచూ జరిగేదే. అప్పటిదాకా కళ్లు మూసుకుని పడుకున్న మనిషి ఒక్కసారిగా పళ్లు బిగిస్తాడు. పాదం కిందికి వాలిపోతుంది, వేళ్లు ముడుచుకుంటాయి, పిక్కలోని కండ ఉండకట్టి చర్మం కింద పైకి తేలుతుంది. ఆ సమయంలో పని తెలిసిన నర్సు గానీ ఫిజియోథెరపిస్టు గానీ ఏం చేస్తారో దగ్గర నుంచి చూడాలి.

ముందు ఒక చెయ్యి మడమ కిందికి వెళుతుంది. మడమ అరచేతి గుంటలో కుదురుకుంటుంది, ముంజేయి అరికాలి పొడవునా ఆనుతుంది. రెండో చెయ్యి మోకాలి మీద, అది వంగిపోకుండా. ఆ తర్వాత చేతులతో లాగడం ఉండదు. తమ ఒంటి బరువును కాస్త ముందుకు వాలుస్తారు, అంతే. ముంజేతితో పాటు పాదం ముందుభాగం మెల్లగా రోగి ముఖం వైపు మళ్లుతుంది. బిగువు ఎక్కడ తగిలిందో అక్కడ ఆగుతారు. "తాతా, కాలు నాకొదిలెయ్, నువ్వు బిగబట్టకు" అంటూ అక్కడే నిలిపి ఉంచుతారు. కొద్దిసేపటికి కండ మెత్తబడటం చేతికి తెలుస్తుంది. అప్పుడు ఇంకొంచెం. ఆ ఇంకొంచెం ఎంతో, ఎప్పుడో తెలియడమే ఈ పనిలో అసలు నేర్పు.

ఇదంతా చేస్తున్నంత సేపూ కళ్లు మాత్రం కాలి మీద ఉండవు. సూదులు గుచ్చిన ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చెయ్యి కదులుతోందా, బీపీ పడిపోతోందా అని చూస్తుంటాయి. ఒంట్లోంచి నీరు మరీ వేగంగా తీస్తున్నప్పుడు, రక్తపోటు తగ్గినప్పుడు ఇలా పట్టేయడం ఎక్కువ. అందుకే ఒకరు కాలు పట్టుకుంటే, మరొకరు మెషీన్ దగ్గర నీరు తీసే వేగం తగ్గిస్తారు, అవసరమైతే సెలైన్ ఎక్కిస్తారు. కాలు సాగదీయడం వల్ల నొప్పి వదులుతుంది గానీ, దాని కారణం పోదు. మంచి చేతికి ఈ తేడా తెలుసు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ నేర్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు రెండు దశాబ్దాలకు పైగా ఇళ్లను పట్టి పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులు సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు మెషీన్ పక్కన గడపాలి. కొబ్బరితోటలోనో జీడితోటలోనో బతుకంతా కష్టపడిన కాళ్లవి. వాటిని ఎవరు ఎలా పట్టుకుంటారన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు.

పిక్కలో ముఖ్యంగా రెండు కండరాలు. పైన కనిపించేది మోకాలి కీలుకు ఎగువనుంచి మొదలవుతుంది, దాని అడుగున ఉండేది మోకాలికి దిగువనుంచి. రెండూ మడమ వెనక ఒకే స్నాయువుగా కలుస్తాయి. మోకాలు తిన్నగా ఉంచి పాదం మళ్లిస్తే పై కండ బాగా సాగుతుంది. మోకాలు కొద్దిగా వంచితే అది వదులై, సాగే వంతు లోపలి కండకు వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు తిన్నగా ప్రయత్నించి, నొప్పి ఇంకా లోపలే ఉందంటే మోకాలి కింద చుట్టిన దుప్పటి పెడతారు.

ఇక కుదుపు ఎందుకు ఇవ్వకూడదు? కండరం లోపల సాగుదలను, దాని వేగాన్ని పసిగట్టే నరాల కొసలున్నాయి. గబుక్కున లాగితే వెన్నుపాముకు కబురు వెళుతుంది, కండ ఎదురు బిగుసుకుంటుంది. మోకాలి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరడం ఇదే. స్నాయువు దగ్గర మరో రకం కొసలుంటాయి, ఇవి బిగువు ఎంతుందో చెబుతాయి. ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ వీటిని 19వ శతాబ్దంలో వర్ణించాడు. నిలకడగా పట్టి ఉంచినప్పుడు ఇవి కండను నడిపే నరకణాన్ని నెమ్మదింపజేస్తాయని, పట్టు వదలడానికి అదొక కారణమని అనుకుంటారు. రోగి తానే వేళ్లను పైకి లేపే ప్రయత్నం చేస్తే ఇంకా మంచిది. కాలి ముందువైపు కండ పనిచేస్తున్నప్పుడు వెనక కండకు వెన్నుపాము నుంచి "ఆగు" అన్న సంకేతం అందుతుంది.

చాలామంది నమ్మకం ఒకటుంది: రోజూ సాగదీస్తే కండరం పొడవు పెరుగుతుందని. కొన్ని వారాల సాధనతో కాలు ఎక్కువ దూరం వెళ్లడానికి ప్రధాన కారణం, ఆ లాగుడును ఒళ్లు ఓర్చుకోవడం నేర్చుకోవడమేనని డెన్మార్క్‌లో మాగ్నుసన్ బృందం 1990లలో చేసిన పరిశోధనలు చూపించాయి. కండ కంటే ముందు నరాలే ఒప్పుకుంటాయన్నమాట. అలాగని కండ ఎప్పటికీ మారదనీ కాదు. 1972లో ఫ్రాన్స్ పరిశోధకులు పిల్లుల పిక్క కండను కుదించిన స్థితిలో కట్టువేసి ఉంచితే, కండపోగుల్లో వరుసగా ఉండే, కుదించుకునే చిన్న భాగాలైన సార్కోమియర్లు సుమారు 40 శాతం తగ్గాయి. కట్టు విప్పాక తిరిగి పెరిగాయి. విరిగిన కాలికి కట్టు వేసేటప్పుడు పాదం ఏ కోణంలో ఉండాలన్న పట్టింపు ఊరికే వచ్చింది కాదు.

పక్షవాతం వచ్చి చెయ్యి ముడుచుకుపోయిన వాళ్ల విషయం వేరు. సాగదీత ఒక్కటే కీళ్ల బిగువును చెప్పుకోదగ్గంతగా తగ్గించదని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అక్కడ ఆ చేత్తో పని చేయించడం ముఖ్యం. సాగదీసి ఊరుకుంటే చాలదని రోగికి, ఇంటివాళ్లకు చెప్పగలిగే ఫిజియోథెరపిస్టు మీద నాకు గౌరవం ఎక్కువ.

ఆటల్లో లెక్క మళ్లీ మారుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కంచు పతకం గెలిచింది. రెండో ఎత్తు చివరి భాగం చూడండి: బరువు భుజాల మీద ఉండగా మోకాళ్లు కొద్దిగా వంచి, అదే ఊపున పైకి తన్నడం. ఆ వంగుడులో తొడ కండలు బరువు కింద సాగి, మరుక్షణమే కుదించుకుంటాయి. ఆ రెంటి మధ్య ఆలస్యం జరిగితే, సాగినప్పుడు దాచుకున్న శక్తి వృథా. ఇలాంటి పనికి ముందు ఒక్కో కండను 60 సెకన్లకు మించి సాగదీసి పట్టుకుంటే బలం కాస్త తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే పోటీకి ముందు కదులుతూ ఒళ్లు వేడెక్కించుకోవడం, నిలిపి ఉంచే సాగదీత తర్వాతికి పెట్టుకోవడం మేలు.

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో గంటల తరబడి కింద కూర్చుని పప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు ఇవేవీ ఎవరూ చెప్పరు. తుంటి ముందున్న కండలు అంతసేపూ ముడిచే ఉంటాయి. మధ్యమధ్య లేచి, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి, నడుము తిన్నగా ఉంచి అరనిమిషం నిలబడే వీలు కల్పించడం యజమానులకు ఖర్చయ్యే పని కాదు.

రాత్రిపూట పిక్కలు పట్టేసే వాళ్లకు ఒక ఆధారం ఉంది. 2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మంది మీద చేసిన అధ్యయనంలో, ఆరు వారాలు పడుకోబోయే ముందు పిక్కను, తొడ వెనక కండను సాగదీసిన వాళ్లకు ఈ బాధ తగ్గింది. మంచం మీద కాళ్లు చాపుకుని, పాదం ముందుభాగానికి తువ్వాలు చుట్టి, రెండు కొసలూ మెల్లగా ఒంటి వైపు తీసుకుని కొన్ని సెకన్లు నిలిపి వదలాలి. మూడుసార్లు చాలు. డయాలసిస్ రోగులైతే, ఫిస్టులా చేతికి గట్టిగా లాగే పని పెట్టకుండా ఇంట్లోవాళ్లు తువ్వాలు పట్టుకోవాలి. ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం సాగదీయకూడదు. అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.