చూడకుండా మందు రాయొద్దు

బిలాస్‌పూర్ స్టేషన్ దాటాక పట్టాల పక్క గోడలు చూడండి. బవాసీర్‌కీ భగందర్‌కీ గ్యారంటీ ఇలాజ్ అంటూ, అంటే మొలలకీ ఫిస్టులాకీ గ్యారంటీ వైద్యమంటూ పెద్ద పెద్ద అక్షరాలు, కింద ఫోన్ నంబరు. సర్జికల్ ఓపీలో నర్సుగా చేసిన నాకు ఆ రాతలు చూస్తే ఒళ్లు మండుతుంది. నెత్తురు పడితే మొలలే అని ఊరంతా ముందే తేల్చేసింది. చాలామందికి మొలలే, కాదనను. కానీ మలద్వారానికి వచ్చే కేన్సర్ కూడా మొదట్లో అలాగే కనబడుతుంది. కాస్త నెత్తురు, దురద, కూర్చుంటే నొప్పి, చేతికి తగిలే చిన్న గడ్డ.

మా రైల్వే కాలనీల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడే వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆడవాళ్లు వచ్చి, "మొలలే సిస్టరమ్మా, ఆయింట్‌మెంట్ రాయించేయండి, చూపించుకోవడం నావల్ల కాదు" అని చెవిలో చెప్పేవారు. తెర లాగి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టలోకి ముడవమని దుప్పటి కప్పేదాన్ని. జెల్లీ రాసుకున్న డాక్టరుగారి వేలికి రెండు నిమిషాలు చాలు. మొల మెత్తగా ఉంటుంది, ఒక్కోసారి వేలికే అందదు. కేన్సర్ గడ్డ గట్టిగా తగులుతుంది. అనుమానం వస్తే ముక్క తీసి బయాప్సీకి పంపాలి, గజ్జల్లో బిళ్లలున్నాయేమో తడిమి చూడాలి.

ఆ పరీక్ష వాయిదా పడితే నాకెందుకంత బాధంటే, త్వరగా పట్టుకుంటే ఇది నయమయ్యే జబ్బు. ఒకప్పుడు మలద్వారం మొత్తం తీసేసి, పొట్ట మీద జీవితాంతం సంచి పెట్టేవారు. 1974లో డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నైగ్రో ముగ్గురికి ముందుగా రేడియేషన్, కీమో కలిపి ఇచ్చారు. ఆపరేషన్ చేసిన ఇద్దరిలో కేన్సర్ మిగల్లేదు. మూడో మనిషి ఆపరేషన్ వద్దన్నా జబ్బు తిరగబెట్టలేదు. ఇప్పటికీ రేడియేషన్‌తో పాటు 5-ఎఫ్‌యూ, మైటోమైసిన్ అనే కీమో మందులు ఇవ్వడమే ప్రధాన చికిత్స.

యాభై ఏళ్లలో మందులు పెద్దగా మారలేదంటే కారణం ఉంది. జబ్బు అరుదు, పరిశోధనకు మనుషులు దొరకరు. బ్రిటన్‌లో 940 మందితో చేసిన యాక్ట్-2 పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. మరో కీమో మందు సిస్‌ప్లాటిన్ మైటోమైసిన్‌ని మించలేదు. నన్ను కదిలించింది మాత్రం అందులోని ఇంకో సంగతి. చికిత్స మొదలైన 11 వారాలకి గడ్డ పూర్తిగా పోనివాళ్లలో చాలామందికి 26 వారాలకల్లా కరిగిపోయింది. మూడో నెలలోనే కత్తి పట్టుంటే వాళ్లంతా ఊరికే సంచి మోసేవారు. చిన్న గడ్డలకి రేడియేషన్ తగ్గించవచ్చా అని ప్లాటో అనే పరిశోధనలో చూస్తున్నారు. రేడియేషన్ వల్ల గజ్జల్లో చర్మం కాలి, బట్ట తగిలినా విలవిల్లాడే వాళ్లకి అదెంత ఊరటో చెప్పలేను.

జబ్బు పోయిందో లేదో తేలడానికే ఆరు నెలలు, ఆ తర్వాతా చెకప్‌లు. ఇక్కడినుంచి కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లూ ఉంటారు. చికిత్సకి వెళ్లే కేన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో రైలు ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఆ రాయితీ ఫారం మీద డాక్టరుగారి సంతకం అడగడానికి మొహమాటపడకండి.